చింతగింజల డబ్బాలో టీచరమ్మ ఇంగ్లీషు

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు పాలవాడు తెచ్చాడు. పొద్దున్నే గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. అతను పాలు పొయ్యకుండా క్యాను మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "మాసీమా, తొమార్ దిదిమొణి ఆర్ నేఇ," అన్నాడు. నీ టీచరమ్మ ఇక లేదని. ముప్పై ఏళ్ళ పైనుంచీ ఆవిడ నాకు టీచరమ్మ అని ఈ ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో బెంగాలీ పాలవాడికి కూడా తెలుసు. ఆ రోజు నా గిన్నెలో పాలకంటే ముందు ఆ మాట పడింది.

మధ్యాహ్నానికి సమాధుల తోటకు తీసుకెళ్ళారు. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి, నేను వినాయకుడికి కొబ్బరికాయ కొట్టే మనిషిని. అందరూ మట్టి వేస్తుంటే నేనూ ఒక పిడికెడు వేశాను. ఎవరూ వద్దనలేదు. అన్నా ఆగేదాన్ని కాను.

చర్చివాళ్ళు పోయినవాళ్ళ ఇంటివాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడిక అయిపోయి, టీ గ్లాసులు తీసేస్తున్నప్పుడు మన తెలుగు సంఘం సెక్రటరీ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నా కళ్ళ ముందు పెరిగినవాడే. చెడ్డవాడు కాదు.

"పిన్నీ, సంఘం వెనకగది ఈ నెలాకరుకి కాళీ సేయించాల. పూజ లైట్లు, కుర్సీలు పెట్టుకోడానికి జాగా నేదు," అన్నాడు.

"ఆ గదిలో మా కలాసు జరుగుతాది గదా," అన్నాను.

"టీచరమ్మే నేదు. ఇంక కలాసేటి? పోనీ ఆవిడ రాసిందేటైనా ఉన్నాదా? ఒక నోటుబుక్కు, ఒక రిజిస్టరు? ఉంటే సూపించు, కమిటీ ముందర నానే పెడతాను."

"చింతగింజలున్నాయి," అన్నాను.

అతను నవ్వి లేచిపోయాడు.

సంఘం సంచికలో పోయినవాళ్ళకు ఒక పేజీ ఇస్తారు. టీచరమ్మ ఫొటో కింద రెండు వాక్యాలు చాలన్నారు. నాకు చాలవు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. నా మాటను కాస్త పుస్తకం మాటగా సర్దుతోంది, సర్దుకోనీ. మనుషులు ఎదురెదురుగా మాట్లాడిన మాటల్ని మాత్రం ముట్టుకోవద్దన్నాను. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఆ గది కుర్చీలకు ఇవ్వకండి. టీచరమ్మ ఏమీ రాసిపెట్టలేదు, నిజమే. అది ఆవిడ తప్పు కాదు. నా వల్ల రాయలేదు. ఆ లోటు నేనే పూడ్చాలని కూర్చున్నాను.

నా మొగుడు వర్క్‌షాపులో పనిలో ఉండగానే పోతే, ఆ ఉద్యోగం కింద రైల్వేవాళ్ళు నన్ను స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూముకి ఆయాగా వేశారు. తెలుగు అమ్మ కడుపులోంచి వచ్చింది. హిందీ, బెంగాలీ గోల్‌బజార్‌లో చేపలు బేరమాడుతూ వచ్చాయి. ఇంగ్లీషు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. బ్యాగు, బెంచి, వాటరు, డోరు, బేబీ. వస్తువుల పేర్లన్నీ వచ్చు. ఆ వస్తువు ఎక్కడుందో, ఎవరితో ఉందో, దేనికోసమో చెప్పాలంటే నోరు ఆగిపోయేది.

ఒక ఎండాకాలం సాయంత్రం ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు బ్యాగులన్నీ నడిచే దారిలో పరిచి కూర్చున్నారు. ఒక ముసలామె తట్టుకుని పడబోయింది. నేను వెళ్ళి, "బ్యాగ్ బెంచి అండర్ కీప్," అన్నాను. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఒకతె నా గొంతు పెట్టి అదే మాట మళ్ళీ అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"నవ్వుతారేటే, మీ నోట్లో మన్ను పొయ్య. మీ బాస నానే నేర్సుకోవాల, నా బాస మీకొద్దేటి?" అని తెలుగులో తిట్టాను. ఖరగ్‌పూర్ స్టేషన్లో తెలుగులో తిట్టడం కూడా అంత క్షేమం కాదు. ఎవరో ఒకరికి అర్థమవుతుంది. ఆ రోజూ అయింది.

"ఆయమ్మా, ఇలా రా," అని కిటికీ దగ్గర్నుంచి ఒక గొంతు పిలిచింది.

తెల్లటి నేత చీర, భుజం దగ్గర పిన్ను, ఒళ్ళో అడ్డంగా నల్లగొడుగు. ఫిర్యాదు రాస్తుందనుకుని వెళ్ళాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు.

"నువ్వన్న మాటలన్నీ సరైనవే. ఇంజను వెనకాల తగిలించావు, అంతే," అంది.

తన టిఫిన్ క్యారియరు తీసి బెంచి కింద పెట్టింది. "ఇది ఎక్కడుంది?"

"బెంచి కింద."

"చూశావా. తెలుగులో ముందు బెంచి పోతుంది, కింద అన్నమాట వెనకాల పోతుంది. గూడ్సుబండికి గార్డు పెట్టెలాగా. ఇంగ్లీషులో ఆ చిన్నమాటే ఇంజను. అది ముందుండాలి. అండర్, ఆ వెనక బెంచి. నువ్వు షంటింగ్ చేసుకోవాలమ్మా." అంటూ కుడిచెయ్యి వెనకనుంచి ముందుకు, గాలిలో ఒక సగం చుట్టు తిప్పింది. యార్డులో ఇంజను విడిపోయి, పక్క లైను మీదుగా వచ్చి, బండి ముందు తగులుకున్నట్టే ఉంది.

నా పుట్టిల్లూ రైల్వే క్వార్టరే, మెట్టినిల్లూ రైల్వే క్వార్టరే. షంటింగ్ నాకెవరూ నేర్పక్కర్లేదు. అంతవరకూ ఇంగ్లీషంటే దొరల ఇంటి సామాననుకున్నాను. అది కూడా పట్టాల మీద నడిచేదేనని ఆ సాయంత్రం తెలిసింది.

"నాకు సదువు రాదు టీచరమ్మా," అన్నాను. ఆవిడ టీచరని ఎవరూ చెప్పలేదు. ఆ చెయ్యే చెప్పింది.

"చదవమని ఎవరన్నారు? బండి కదపమన్నాను," అంది. విశాఖపట్నం బండి రాగానే గొడుగు చంకన పెట్టుకుని లేస్తూ, ఆదివారం సాయంత్రం సంఘం వెనకగదికి రమ్మంది.

వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళాను. లోపల పది మంది ఆడవాళ్ళు. ఒళ్ళో నోటు పుస్తకాలు, ఇద్దరి దగ్గర పలకలు, గోడకు నల్లబల్ల, దాని నిండా రాత. టీచరమ్మ రమ్మని చెయ్యి ఊపింది.

"పలకలున్న సోట నాను కూకోను," అని అక్కడినుంచే చెప్పి వచ్చేశాను. సిగ్గుతో కాదు, రోషంతో. అక్షరాలు వచ్చినవాళ్ళ మధ్య రానిదాన్ని కూర్చోబెడితే, నవ్వకపోయినా నవ్వినట్టే ఉంటుంది నాకు.

మళ్ళీ ఆదివారం ఆవిడే మా ఇంటికి వచ్చి గొడుగుతో తలుపు తట్టింది. తీసుకెళ్ళి చూపించింది. నల్లబల్లను గోడవైపు తిప్పేసి ఉంచింది. పుస్తకాలన్నీ గుమ్మం బయట చెప్పుల పక్కన దొంతర పెట్టించింది. మధ్యలో ఒక ట్రంకు పెట్టె, దాని మీద ఒక గ్లాసు, ఒక తాళంచెవి, ఒక ఉల్లిపాయ.

బ్యాంకు పరీక్షకు చదివే పిల్ల ఒకతె ఒప్పుకోలేదు. "నోట్సు లేకపోతే ఎలాగ టీచర్? మర్సిపోతాం గదా."

"ఇంటికెళ్ళి రాసుకో అమ్మా. ఇక్కడ నోటితో, చేత్తో," అంది టీచరమ్మ.

ఆ నల్లబల్ల మళ్ళీ ఇటు తిరగలేదు. నా ఒక్కదాని కోసం పదిమందికీ రాత మాన్పించింది. అందుకు ఒక్కసారైనా నాతో దెప్పలేదు.

మరి రాసుకోకపోతే మాటలు ఎలా నిలుస్తాయి? దానికి ఆవిడ ఒక దారి కనిపెట్టింది. చర్చికి వెళ్ళే తెలుగు ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి పేర పక్క డబ్బాలో వేస్తారు. వారానికి ఆ బియ్యం చర్చికి చేరుతుంది. "మనం మాటను అలా పక్కకు తీద్దాం," అంది టీచరమ్మ. వారంలో చెవిన పడిన ఇంగ్లీషులోంచి ఒక జత, అంటే ఒక వస్తువు, దానికి ముందు తగిలిన చిన్నమాట, ఒక్కొక్కరు ఒక్కటి తేవాలి. ఎక్కడ విన్నామో చెప్పాలి. చేత్తో చేసి చూపించాలి. అందరూ మూడుసార్లు అనాలి. అప్పుడు తెచ్చినమనిషి ఒక చింతగింజ డబ్బాలో వెయ్యాలి. బిస్కెట్ల రేకుడబ్బా అది. గింజ పడితే టక్కుమనేది. ఆ టక్కు వినడానికే కొందరు వచ్చేవాళ్ళు.

మొదటి రోజు ఎవరి దగ్గరా మాట లేదు. ఇంగ్లీషు మాకెక్కడిదన్నాం. టీచరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మీ మొగుళ్ళు డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఏమంటారు?"

"ఆన్ డ్యూటీ అంటారు."

"కోచ్ పాడైతే?"

"అండర్ రిపేర్."

"బండి సమయానికి వస్తే?"

"ఆన్ టైమ్. అది మాత్రం ఎప్పుడూ విన్నేదు," అంది వెనకనుంచి ఒకామె. గదంతా నవ్వింది.

"ఇంట్లో బియ్యం పెట్టుకుని ఊరంతా అడుక్కుంటున్నారు," అంది టీచరమ్మ.

ఆ తర్వాత మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మందుల దుకాణంలోంచి ఆఫ్టర్ ఫుడ్, బిఫోర్ ఫుడ్. ఫోన్లోంచి ఔట్ ఆఫ్ రేంజ్. సాలువా పోలీసు క్యాంపులో వంట చేసే ఆమె ఎట్ ద గేట్ తెచ్చింది. ఇప్పటి సెక్రటరీ వాళ్ళమ్మ కూడా బతికుండగా మాతోనే కూర్చునేది. ఆమె తెచ్చిన మొదటి మాట ఆన్ లీవ్. "మా ఇంటాయన ఆన్ లీవ్ ఉంటే ఇల్లు పీకి పందిరేస్తాడు, ఆన్ డ్యూటీ ఉంటేనే ఇల్లు నిలబడతాది," అని చెప్పి గింజ వేసింది.

నాకు ఇంగ్లీషు ఎంత ఎక్కిందంటే తెలుగు తిరగబడింది. ఒకరోజు అన్నం తింటూ, "లో కూర ఉప్పు నేదు," అన్నాను. మా కోడలు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మా అబ్బాయి కంచం మీద వంగి నవ్వుతున్నాడు. "అమ్మా, మీద పీట కూకో, తో సెయ్యి తిను," అన్నాడు. వారం రోజులు ఆ ఇంట్లో నాకు మర్యాద లేదు. టీచరమ్మతో చెబితే, "రెండు బండ్లు నడిపేదానివి, ఏ బండికి ఇంజను ఎటుందో చూసుకుని ఎక్కాలి కదా ఆయమ్మా," అంది.

నేను ఊరికే ఒప్పుకునే మనిషిని కాను. ఆవిడతో చాలా తగువులు పడ్డాను. ఆన్ ద ట్రైన్ అన్నరోజు పెద్ద తగువు అయింది. "రైల్లో కూకుంటాం గదా. ఆన్ అంటే మీద అని నువ్వే సెప్పినావు. రైలు మీద కూకునేవోళ్ళు టిక్కెట్టు నేనోళ్ళు. నాను రైల్వే మనిషిని, ఆ మాట నాననను," అన్నాను. టీచరమ్మ చాలాసేపు ఆలోచించింది. తర్వాత, "నిజమే. ఎందుకో నాకూ తెలియదు. వాళ్ళు అలాగే అంటారు," అంది. అన్నేళ్ళు బడిలో చెప్పిన మనిషి, పదిమంది ముందు, తెలియదంది. నేను తగువు నెగ్గినట్టే. కానీ ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే నెగ్గినట్టు అనిపించలేదు. ఇంత సులువుగా తెలియదని అనే మనిషిని నేనెక్కడా చూడలేదు.

మరోసారి ఇలాంటి జతల గురించే అంది. "కొన్ని పెళ్ళిసంబంధాలమ్మా. ఈ పిల్లకి ఆ పిల్లాణ్ణి ఎవరు కుదిర్చారో మనకు తెలియదు. కాపురం చేసుకుంటున్నారు. మనం వెళ్ళి విడగొట్టకూడదు."

ఆవిడ చిన్న అలవాట్లు చెబితే మీలో చాలామందికి గుర్తొస్తాయి. చలికాలంలోనూ గొడుగు లేకుండా కదిలేది కాదు. అల్లం వేయని టీ ఇస్తే తాగేది, మళ్ళీ ఆ ఇంట్లో టీ అడిగేది కాదు. తప్పు అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. ఎవరైనా చిన్నమాటను వెనకాల అంటే, ఆ చెయ్యి అలా వెనకనుంచి ముందుకు తిరిగేది, అంతే. బజారులో ఎదురైనా, ఎవరి మాటైనా చెవిన పడితే ఆ చెయ్యి దానంతట అదే తిరిగేది. చేపలవాడు తనను పిలుస్తోందనుకుని బుట్ట దించేవాడు. క్రిస్మస్‌కి మా ఇంటికి అరిసెలు వచ్చేవి. వినాయకచవితికి నేను ఉండ్రాళ్ళు పంపేదాన్ని. "దేవుడి ముందు పెట్టకముందు తీసినవే పంపించాను," అంటే, "నేనడిగానా?" అనేది.

ఆవిడ ఇంకో మాట నాకు బాగా పనికొచ్చింది. "పెద్ద మాటలు అందరికీ తెలుసమ్మా. ఆపదలో మనిషి తడబడేది చిన్నమాట దగ్గరే," అనేది. అది ఎంత నిజమో వెయిటింగ్ రూములోనే తెలిసింది.

వానాకాలం. ఈశాన్యం కొండలవైపు నుంచి ఒక పడుచుపిల్ల, ఏడాది బిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డ గుండె చూపించడానికి మొగుడూ పెళ్ళాం వెల్లూరు ఆస్పత్రికి పోతున్నారు. హిందీ రాదు, బెంగాలీ రాదు. మొగుడు ప్లాట్‌ఫారం మీదికి బండి కనుక్కోడానికి వెళ్ళాడు. ఉన్నట్టుండి ఆ పిల్ల బ్యాగులన్నీ కిందపోసి, "ఫైల్, ఫైల్," అని ఏడవడం మొదలుపెట్టింది. డాక్టర్ల కాగితాలన్నీ అందులోనే ఉన్నాయట. చుట్టూ చేరినవాళ్ళందరూ పెద్ద పెద్ద ప్రశ్నలు వేస్తున్నారు. ఆ పిల్ల ఇంకా ఏడుస్తోంది.

నాకు పెద్ద ప్రశ్న రాదు. పక్కన కూర్చుని వరసగా అడిగాను. "ఇన్ బ్యాగ్?" తల అడ్డంగా ఊపింది. "అండర్ బెంచ్?" కాదంది. "ఆన్ ట్రైన్?" దిగిన బండిలో మర్చిపోయావా అని. అక్కడ మొహం పాలిపోయింది, ఆలోచించింది, కాదంది. "విత్ హజ్బెండ్?" అన్నాను.

ఏడుపు ఆగిపోయింది. బిడ్డను నా ఒళ్ళో పడేసి బయటికి పరిగెత్తింది. వానకు తడవకుండా ఆ ఫైలు మొగుడు చొక్కా లోపల పెట్టుకుని తిరుగుతున్నాడు. నాలుగు చిన్నమాటలు. నాలుగు తలుపులు తీసి చూసినట్టు, నాలుగో తలుపు వెనక దొరికింది.

మళ్ళీ ఆదివారం విత్ హజ్బెండ్ అని గింజ వేశాను. "ఆయమ్మకి ఇన్నాళ్ళకి మొగుడు గుర్తొచ్చినాడు," అన్నారు వెనకనుంచి. కథంతా చెప్పాను. నవ్వినవాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు. టీచరమ్మ మాత్రం, "బిడ్డ ఏడ్చిందా నీ ఒళ్ళో?" అని అడిగింది. లేదన్నాను. ఆవిడకు కావలసింది అదే.

ఇక రాత సంగతి. నేను రిటైరైన తర్వాత ఎవరో పెద్దచదువుల వాళ్ళు వచ్చారు. ఇలా చేతులతో, వస్తువులతో చెప్పేదంతా బొమ్మలు వేసి పుస్తకం చేద్దామన్నారు. ఆవిడ వద్దంది. నేను అక్కడే ఉన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఎందుకు వద్దన్నావని అడిగాను.

"నువ్వు చదవలేని పుస్తకం నా పేరు మీద ఎందుకే?" అంది.

ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను. ట్రాఫిక్ నుంచి గోల్‌బజార్ దాకా తల ఎత్తుకుని నడిచాను. ఇప్పుడు సెక్రటరీ నోటుబుక్కు అడిగినప్పుడు ఆ గర్వమే నా తప్పుగా కనిపించింది. అప్పుడే నేను గట్టిగా కసిరి ఉండాల్సింది. "నాకు రాకపోతే మానె, లోకానికొస్తాది గదా, రాయి టీచరమ్మా," అని ఉండాల్సింది. అనలేదు. నాకు ఆ గౌరవం తియ్యగా ఉండి ఊరుకున్నాను.

పోయిన చలికాలంలో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నోట్లోంచి మాట ఒక్కొక్కటే వచ్చేది, అదీ వస్తువుల పేర్లే. నీళ్ళు. బల్ల. గొడుగు. ముందుమాట లేదు, వెనకమాట లేదు. తెలుగులోనూ అంతే, ఇంగ్లీషులోనూ అంతే. ఇంజను లేదు, గార్డు లేడు, పెట్టెలు మాత్రం పట్టాల మీద విడివిడిగా నిలబడ్డాయి. చూసుకోడానికి వచ్చిన చెల్లెలి కూతురు, "పెద్దమ్మ ఏం అడుగుతోందో తెలియడం లేదండీ," అని నా దగ్గర ఏడ్చింది.

నాకు తెలుసు ఏం చెయ్యాలో. వెయిటింగ్ రూములో చేసిన పనే. మంచం పక్కన పీట వేసుకున్నాను.

"బల్ల," అనేది టీచరమ్మ.

"బల్ల మీదా? బల్ల కిందా? బల్ల పక్కనా?"

కింద అన్నప్పుడు కళ్ళు మూసి తెరిచేది. వంగి చూస్తే కళ్ళజోడు పడి ఉండేది.

"టీ," అనేది.

"అల్లంతోనా, అల్లం నేకుండానా?" అని కావాలనే అడిగేదాన్ని. ఆ చూపు చూడాలి మీరు. పక్షవాతం ఆ చూపును ఏమీ చెయ్యలేకపోయింది.

అలా మూడు నెలలు. ఆవిడ పేర్లు చెప్పేది, చిన్నమాటలు నేను తగిలించేదాన్ని. ఒకసారి తొందరలో, "గ్లాస్ టేబుల్ ఆన్?" అనేశాను. దుప్పటి మీద ఎడమచెయ్యి నెమ్మదిగా లేచింది. సగం చుట్టు తిరగలేకపోయింది. కొంచెం కదిలి పడిపోయింది. "ఆన్ టేబుల్, ఆన్ టేబుల్. సరిసేసినాను, పడుకో," అన్నాను. ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

చివరి వారంలో ఒకరోజు, "గది," అంది.

"ఈ గదా? గదిలోనా?" కాదు. "సంఘం గదా?" కళ్ళు మూసి తెరిచింది. కాసేపాగి, "తాళం," అంది.

"గదికి తాళం ఎయ్యాలా?" కళ్ళు కదలలేదు. "తియ్యాలా?"

నా వేలు గట్టిగా నొక్కింది. తాళంచెవి ఎక్కడుందోనని భయపడుతోందని అప్పుడు అర్థమైంది. ఆవిడ మంచం పట్టినప్పటినుంచీ అది నా దగ్గరే ఉంది, బొడ్లోంచి తీసి చూపించాను.

"విత్ మీ, టీచరమ్మా. కీ విత్ మీ. ఎక్కడికీ పోదు," అన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అందుకే నేను ఊరుకోలేకపోతున్నాను. నన్ను అడగకుండా గది ఇచ్చేస్తే, పోయిన మనిషికి నేను చెప్పిన మాట అబద్ధమవుతుంది.

మొన్న ఆదివారం తలుపు తీశాను. అప్పటికే సంఘంవాళ్ళు తమ దగ్గరున్న ఇంకో తాళంచెవితో తీసి, సగం గది నిండా కుర్చీలు ఎక్కించి పెట్టారు. మిగిలిన జాగాలో ట్రంకు పెట్టె పెట్టి, ఏడుగురం కూర్చున్నాం. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె గోడకు చేరబడి ఉంది. ఏడో నెల. మొగుడు లోకో షెడ్డులో పని. రైల్వే ఆస్పత్రికి ఒక్కతే పోవాలి, అక్కడ నర్సమ్మ చెప్పేది అర్థం కాక తల ఊపి వచ్చేస్తోందట. టీచరమ్మను ఆ పిల్ల చూడనే లేదు. టీచరమ్మ పోయిందని తెలియక వచ్చింది.

"ఏటి ఇన్నావే ఆస్పత్రిలో?" అని అడిగాను.

తల వంచుకుని, "ఫుడ్ ఆఫ్టర్," అంది.

అప్పుడే సెక్రటరీ వచ్చాడు. భుజం మీద కుర్చీ, వెనక ఇద్దరు మనుషులు లైట్ల పెట్టెతో. గుమ్మంలో ఆగాడు.

"ఇంకా ఎంతసేపు పిన్నీ?"

డబ్బా ఎత్తి చూపించాను. "ఇందులో మీయమ్మ గింజలున్నాయిరా. ఆన్ లీవ్ అని మీ నాన్న మీద సెప్పి మమ్మల్నందర్నీ నవ్వించినాది. నువ్వడిగిన రిజిస్టరు ఇదే."

అతను డబ్బాలోకి తొంగి చూశాడు. "ఏది అమ్మది?"

"నాకేటి తెలుసు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

 అతను భుజం మీది కుర్చీ దించి, గుమ్మం పక్కన వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. కమిటీలో ఏం చెబుతాడో నాకు తెలియదు. కుర్చీ మాత్రం లోపల పెట్టలేదు.

నేను పిల్లవైపు తిరిగాను. టిఫిన్ గిన్నె ట్రంకు మీద పెట్టి, మాత్ర అనుకుని ఒక గింజ దాని వెనక పెట్టాను. "అన్నం తిన్నాక మందు. ఇప్పుడు షంటింగ్ సెయ్యి," అని చెయ్యి వెనకనుంచి ముందుకు తిప్పాను. నా చెయ్యి ఆవిడ చెయ్యంత బాగా తిరగదు.

ఆ పిల్ల పెదాలు కదిపింది. ఒకసారి తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తనకు తెలియకుండానే కడుపు మీదున్న కుడిచెయ్యి లేచింది, వెనకనుంచి ముందుకు, గాలిలో సగం చుట్టు. వెయిటింగ్ రూములో కిటికీ పక్కన నేను మొదటిసారి చూసిన చుట్టు అదే.

"ఆఫ్టర్ ఫుడ్," అంది.

గింజ తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. డబ్బాలో వేసింది. టక్కుమంది.